ముందే రాసిన షీటు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంట. చూసినవాడు ఎప్పుడూ మన ఎదురుగా ఉండడు. ఎవరి బాబాయికో, ఎవరి తోడల్లుడికో జరిగి ఉంటుంది. ఎక్కడ, ఎన్ని గంటలకు, పక్కన ఎవరున్నారు అని గట్టిగా అడిగితే నీళ్లు నములుతారు. నేనిప్పుడు చెప్పేది నాకే జరిగింది. పట్టపగలు, నలుగురి మధ్య జరిగింది.

నా పేరు సుజాత. హైదరాబాద్‌లో ఏడేళ్లు మెడికల్ కోడింగ్ చేశాను. కేస్ షీట్‌లో డాక్టర్ రాసిన జబ్బుని, చేసిన వైద్యాన్ని ఇన్సూరెన్స్ వాళ్లకు పనికొచ్చే నంబర్లుగా మార్చే పని అది. ఇప్పుడు మార్కాపురంలో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో నర్సులకు, డ్యూటీ డాక్టర్లకు కేస్ షీట్ ఎలా రాయాలో నేర్పుతున్నాను. చూసింది రాయాలి, చేసింది రాయాలి, చూడనిది రాయకూడదు. నా పాఠమంతా ఇంతే.

మా నర్సులకు ఒక పాడు అలవాటు ఉండేది. గంట గంటకూ రోగి బీపీ, పల్స్ చూసి రాయడానికి ఒక షీటు ఉంటుంది. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా గడులు. రద్దీ మొదలైతే తీరిక దొరకదని, పొద్దున్నే టీ తాగుతూ ఆ గడులన్నీ ఒకేసారి నింపేసేవాళ్లు. అందరికీ బీపీ 120/80, అందరికీ పల్స్ 78. తప్పు పడితే వైట్నర్ పూసి దాని మీద మళ్లీ రాసేవాళ్లు. "ఇది మన ఊరి పలక కాదమ్మా, రాసి తుడిచేయడానికి" అని క్లాసులో ఎగతాళి చేసేదాన్ని. కనబడిన వైట్నర్ సీసానల్లా లాక్కుని నా హ్యాండ్‌బ్యాగులో వేసుకునేదాన్ని.

మా అక్క రమణమ్మది గిద్దలూరు దగ్గర పల్లె. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. నాకు జడ వేసి బడికి పంపి, తను మిరప కోతలకు వెళ్లేది. అక్కకు షుగర్ ఉంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి మూడు రోజులు జ్వరంతో పడుకుంది. ఊళ్లో సూదులు పనిచేయకపోతే బావ మా ఆసుపత్రికే తీసుకొచ్చాడు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందని డాక్టర్ చెప్పి, అప్పుడే మందులు మొదలుపెట్టాడు.

మరుసటి రోజు పొద్దున వార్డులో షీట్లు తనిఖీ చేస్తున్నాను. క్లాసులో చూపించడానికి, పేర్లు కనబడకుండా మడిచి, ముందే నింపిన షీట్లను ఫోన్‌లో ఫోటోలు తీస్తున్నాను. అన్ని మంచాలకూ రాత్రి ఎనిమిది దాకా 120/80. అక్క షీటు దగ్గర చెయ్యి ఆగిపోయింది.

అక్కది కూడా ముందే నింపి ఉంది. కానీ అందులో పదకొండుకు 100/60. పన్నెండుకు 94/60. ఒంటిగంటకు పై అంకె 86, రెండుకు 78, మూడుకు 70. నాలుగు గంటల గడిలో 60 అని మాత్రమే ఉంది. ఆ తర్వాత అన్నీ ఖాళీ. నేను ఫోటో తీసినప్పుడు టైము పదీ పదిహేను.

ఆ వార్డు సిస్టర్ షకీలా. మంచి పిల్ల. పిలిచి కేకలేశాను. ఆమె షీటు చూసి తెల్లబోయింది.

"రాత నా మాదిరే ఉంది మేడమ్. గానీ నేను రాయలేదు. అన్ని మంచాలకూ ఒకటే రాసినా. నా బిడ్డ మీద ఒట్టు."

పదకొండుకు అక్క మంచం పక్కనున్న మానిటర్ మీద 100/60 వచ్చింది. సరే, కాకతాళీయం అనుకున్నాను. పన్నెండుకు 94/60. షీటు తీసుకెళ్లి డ్యూటీ డాక్టర్‌కి చూపించాను. ఆయన నవ్వి, "ముందే రాసినవి నమ్మొద్దని మాకు పాఠం చెప్పేది మీరే కదా మేడమ్" అన్నాడు.

ఒంటిగంటకు మానిటర్ మీద 86 చూసి ఆయన నవ్వడం మానేశాడు. సెలైన్ వేగం పెంచారు, బీపీ పెంచే మందు పెట్టారు, ఒంగోలు తీసుకెళ్లడం మంచిదన్నారు. వెంటిలేటర్ ఉన్న అంబులెన్స్ ఊళ్లో ఒక్కటే. అది దర్శి వెళ్లింది, తిరిగి రావడానికి సాయంత్రమవుతుందన్నారు. బావ ప్రతి పది నిమిషాలకూ వచ్చి, "బండి యాడికి వచ్చిందంట సుజాతా?" అని అడుగుతున్నాడు. షీటు సంగతి ఆయనకు చెప్పలేకపోయాను.

మూడుకు 70. అక్క కళ్లు తెరవడం లేదు. పిలిస్తే పలకడం లేదు.

నేను నర్సుల టేబుల్ దగ్గర కూర్చున్నాను. హ్యాండ్‌బ్యాగులోంచి వైట్నర్ తీశాను. నాలుగు గంటల గడిలో ఉన్న 60 మీద పూశాను. నోటితో ఊది ఆరబెట్టి, దాని మీద 110/70 అని రాశాను. ఐదుకు 114/74, ఆరుకు 116/76, ఏడుకు 118/78, ఎనిమిదికి 120/80. అక్కడితో గడులు అయిపోయాయి. ఎవరైనా నర్సు ఆ పని చేసి ఉంటే ఆ రోజే ఉద్యోగంలోంచి తీయించేదాన్ని. నాకు సిగ్గనిపించలేదు. భయం ఒక్కటే ఉంది.

నాలుగు గంటలకు మానిటర్ మీద 110/70.

ఐదుకు 114/74. అంబులెన్స్ వచ్చింది. డాక్టర్ అంకెలు చూసి, కోలుకుంటోంది కదా, ఇప్పుడు కదిలించడం ఎందుకు, పొద్దున చూద్దామన్నాడు. బండిని వెనక్కి పంపేశాం. నేనే తలూపాను.

ఆరు దాటాక అక్క కళ్లు తెరిచింది. రెండు చెంచాల జావ తాగింది. "ఏందే, ముఖం అట్ల పెట్టినావు? నాకేం కాలేదు పో" అంది. "జడ ఏసుకోలేదా పొద్దున" అని నా జుట్టు సర్దబోయింది. చెయ్యి అంత ఎత్తుకు లేవలేదు. నేనే తల వంచాను.

ఏడుకు 118/78. ఎనిమిదికి 120/80, నా కళ్లతో చూశాను. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదని బావ నన్ను కింద టీ కొట్టుకు తీసుకెళ్లాడు. టీ చేతిలో ఉండగానే షకీలా మెట్ల మీంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఎనిమిదీ పదికి అక్క పోయింది.

ఇలాంటి ఇన్ఫెక్షన్లలో కోలుకున్నట్టే కోలుకుని ఒక్కసారిగా కూలిపోవడం ఉంటుందని డాక్టర్ చెప్పాడు. ఉంటుందేమో. మా కోడింగ్‌లో "ఏమో" అన్నదానికి నంబరు ఇవ్వం. చూసినంతే రాస్తాం. నేను చూసినది ఇంత: పదీ పదిహేనుకు తీసిన ఫోటో ఇంకా నా ఫోన్‌లో ఉంది. మానిటర్‌లో నమోదైన రీడింగులు కూడా ఉన్నాయి. మూడు దాకా అవి షకీలా రాతలా ఉన్న ఆ అంకెలతో కలుస్తాయి. నాలుగు నుంచి ఎనిమిది దాకా నా రాతతో కలుస్తాయి. ఎందుకు కలిశాయో నాకు తెలియదు. బండిని వెనక్కి పంపకపోతే ఏమయ్యేదో అదీ తెలియదు.

వైట్నర్ మీద రాసింది ఎవరని షకీలా అడగలేదు, నేను చెప్పలేదు. ముందే రాయకండమ్మా అని ఇప్పటికీ క్లాసులో చెబుతూనే ఉన్నాను.

ఆ రోజు నేను వైట్నర్ పూసిన టేబుల్‌కి ఒక సొరుగు ఉంది. కొత్త షీట్ల కట్ట ఎప్పుడూ అందులోనే ఉంటుంది. నా మోచెయ్యి దాని మీదే ఆనించి రాశాను. ఇంకొక షీటు తీసుకుని ఎనిమిది తర్వాతి గంటలు కూడా రాయాలని నాకు తోచలేదు.