మూడు రంగుల అట్టలు

ఎండ వేడి దిగకుండా ఇంటి కప్పులకు వేసే ఫోమ్ అట్టల దుకాణం నడిపే పెద్దాయనకు కళ్లకన్నా తన బొటనవేలి మీదే నమ్మకం ఎక్కువ. తెల్ల థర్మోకోల్, నీలం అట్ట, పసుపు అట్ట బల్ల మీద పెట్టి, ఒక్కొక్కదాన్నీ నొక్కి, గోటితో గీరి, అంచు విరిచి చూపిస్తాడు. "పలచగా ఉండి వేడి ఆపాలంటే పసుపుది. తడి తగిలే చోట నీలం. పొడిగా ఉండే చోట తెల్లది చాలు," అంటాడు. ఇరవై ఏళ్లుగా ఆయన మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం, రేకుల షెడ్డులో బట్టలు కుట్టే ఆవిడ వచ్చి, ఆయన సలహా మీద కప్పు కింద వేయించిన తెల్ల అట్ట ముక్కను బల్ల మీద పెట్టింది. నొక్కితే పూసల సందుల్లోంచి నీళ్లు ఊరాయి.

"ఉక్క తగ్గలేదు బాబాయ్. పైగా కుట్టిన బట్టల మీద చుక్కలు పడుతున్నాయి."

"రేకు కారుతుందని ముందే చెప్పొచ్చుగా తల్లీ?"

"మీరు అడగలేదుగా!"

ఆయన దుకాణం మూసి ఆమె వెంట నడిచాడు. రేకు చిల్లులు పూడ్చి, నీలం అట్టలు తన చేత్తోనే బిగించేదాకా రెండు రోజులు దుకాణం తెరవలేదు.

ఇప్పుడు ఎవరొచ్చినా వెంటనే అట్టలు తీయడు. కుర్చీ జరిపి, "ముందు మీ ఇంటి సంగతి చెప్పండి," అంటాడు.