కిక్ రాడ్ జోలికి వెళ్ళొద్దన్నాను

మా తమ్ముడు నాన్న మోటారు సైకిలును 'ఒరిజినల్' చేయించాడు. ఆ మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

నాన్న పోయాక బండి తనకు కావాలన్నాడు. తీసుకోమన్నాను. ఒక్కటే అడిగాను. "ఏమన్నా చేసుకో, కిక్ రాడ్ జోలికి మాత్రం వెళ్ళకురా." "అట్టాగేలే అక్కా" అన్నాడు. వాడు అట్టాగేలే అన్నాడంటే వినలేదని అర్థం. ఇన్నేళ్ళ నుంచి చూస్తున్న నాకు ఆ మాత్రం తెలియొద్దూ!

నేను డిగ్రీ చదివేటప్పుడు పత్తి చేలో పడి నాన్న కాలు విరిగింది. పెదకాకాని పక్కనున్న మా ఊరి నుంచి గుంటూరు మిర్చి యార్డుకు బేరానికి చూపించే మచ్చుకాయలు పట్టుకెళ్ళే మనిషి లేడు. నేను వెళ్తానన్నాను. నాన్న నవ్వలేదు. తనకు తెలిసిన సాయిబుగారి షెడ్డుకు బండినీ నన్నూ పంపాడు. ఆయన నా మోకాలి ఎత్తు చూసి, రాడ్‌ను కాల్చి కిందికి వంచాడు. చెప్పు జారకుండా చివర వెడల్పాటి ఇనుప రేకు అతికాడు.

"ఇప్పుడు కొట్టమ్మా. ఆ అమ్మీటరు ముల్లు నడిమికొచ్చిందాకా ఆగు. తొందరపడితే రాడ్ ఎదురు తంతది."

నాలుగో తన్నుకు ఇంజను అందుకుంది. ఆ కొట్టుకోవడం అరికాలి నుంచి పళ్ళ దాకా పాకింది. ఇంజన్ల మీద ప్రేమ మగాళ్ళ సొత్తని ఎవరైనా అంటే నాకు ఆ రోజే గుర్తొస్తుంది.

"ఏమ్మాయ్, రేపు ట్రాక్టరు కూడా తోలతావా?" అన్నాడు మా ఊరి పెద్దమనిషి.

"అది నీకొదిలేశాలే మావయ్యా, ముందు నువ్వు నేర్చుకో" అన్నాను.

ఆ సీజనంతా మచ్చు సంచులు మోశాం, బండీ నేనూ. తర్వాత ఎప్పుడు సీటు విప్పినా కారం ఘాటుకు తుమ్ములొచ్చేవి.

తమ్ముడు పాతబండ్ల సంఘంలో చేరాడు. ఆ సంఘంవాళ్ళు బోల్టు తల మీది పాత కంపెనీ అచ్చు చూసి కళ్ళు చెమర్చుకుంటారు. వాళ్ళ మాట విని బండిని నట్టు నట్టుగా విప్పించాడు. ఇప్పుడు సీటు విప్పితే షాంపూ వాసన. రాడ్ తళతళలాడే కొత్తది.

"పాతదేదిరా?"

"కేటలాగులో అట్టా లేదక్కా. ఎవడో వంకర అతుకేశాడు."

ఎవడో! ఎవరి కోసం అతికారో అడిగావుట్రా?

బండి విప్పింది సాయిబుగారి షెడ్డులోనేనని తెలిసి అక్కడికి వెళ్ళాను. సాయిబుగారు లేరు, కొడుకు నడుపుతున్నాడు. నన్ను చూడగానే కిరసనాయిలు డబ్బాలోంచి పాత రాడ్ తీసి గుడ్డతో తుడిచి ఇచ్చాడు. "తూకానికేసెయ్యమన్నాడండి మీ తమ్ముడు. మా నాన్న అతుకండి ఇది, ఎట్టా వేస్తాను?" అన్నాడు. పరాయివాడికి తెలిసింది.

గుంటూరులో పాతబండ్ల సంఘం ప్రదర్శన రోజు నేనూ వెళ్ళాను, రాడ్ సంచిలో పెట్టుకుని. బండ్లన్నీ స్టార్టు చేసి వరుసలోకి తీసుకెళ్తున్నారు. మావాడిది మొరాయించింది. తన్ని తన్ని చొక్కా తడిసిపోయింది. చివరికి నా వైపు చూశాడు.

"అక్కా, ఒక్కసారి నువ్వు కొట్టవే."

"ఆ రాడ్ నా కాలికి అందదురా." సంచిలోంచి పాతది తీశాను. "ఇది వేయించు, కొడతాను."

సంఘం పెద్ద చేతులూపాడు. "వద్దు మేడం, ఒరిజినాలిటీ మార్కులు పోతాయండి."

తమ్ముడు రాడ్‌నీ చూశాడు, నన్నూ చూశాడు. స్పానరు చేతిలోనే ఉంది, రెండు నిమిషాల పని. స్పానరు జేబులో పెట్టుకుని బండి స్టాండు తీశాడు.

బండ్ల వరుస ఎత్తు మీదుంది. తోసుకెళ్ళాలి.

"వెనకనుంచి ఓ చెయ్యెయ్యక్కా" అన్నాడు.

నేను వెయ్యలేదు.