రాతి మీద పేరు

మాది విశాఖపట్నం. పనిమీద వెళ్ళి మదనపల్లెలో పుంగనూరు బస్సెక్కాను. పక్కసీటు పెద్దామె ఒడిలో గోనెసంచి చుట్టిన చిన్న నల్లరాయి ఉంది. కొడుకు సమాధికట. సంచి తొలగించి చూపించింది. శిలువ కింద ‘కెవిన్’ అని చెక్కి ఉంది.

నా నోరు ఊరుకోదు. "బైబిల్లో లేని పేరు కదమ్మా?" అన్నాను.

"నాకు కాన్పు చేసిన తెల్ల డాక్టరు పేరప్పా. మా కాడ బిడ్డను బతికించిన డాక్టరు పేరే పెడతాము. ఇన్నేండ్లయినా అర్థం అడగనేలే. నీ ఫోన్లో సూడప్పా."

చూశాను. ఐర్లండు వాళ్ళ పాతభాష, గేలిక్‌లోది. పేరులో మొదటి సగం సౌమ్యం, రెండో సగం పుట్టుక.

"నెమ్మదైన పుట్టుక అనమ్మా," అని చెప్పాను.

ఆమె ఆ అక్షరాలను చాలాసేపు వేలితో తడిమింది.

"యాడ నెమ్మదప్పా! మూడు దినాలు నొప్పులు పడినా వాని కోసరం. పోయేటప్పుడే నెమ్మదిగా పాయ. పొద్దున కాఫీ తీసకపోయి లేపితే పలకలే. నిద్ర పోనీలే అని గ్లాసు మీద మూతపెట్టి వచ్చేసినా."