ఖాదర్ సారు తెలుగు

మొన్న రైలు వికారాబాద్‌లో ఆగినప్పుడు ఒక ముసలాయన ఎక్కి, "జర జరుగు బిడ్డా" అన్నాడు. ఉర్దూ యాసలో పలికిన ఆ 'బిడ్డా' విని చాలాసేపు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. మా లెక్కల మాస్టారు ఖాదర్ సారు నన్ను అలాగే పిలిచేవారు.

తాండూరు బడిలో ఆయన ఏళ్ల తరబడి ఉర్దూలోనే పాఠం చెప్పారు. నిజాం పాలన పోయాక బడిలోకి తెలుగు వచ్చింది. నలభై దాటిన వయసులో ఆయన కొత్త భాష నేర్చుకోవలసి వచ్చింది. అందుకు ఆయన ఎంచుకున్న గురువు మా నాయనమ్మ. మాది గొర్రెలు కాసే ఇల్లు. ఆదివారం పొద్దున్నే సారు వచ్చి, ఉన్ని వడికే నాయనమ్మ ఎదుట కూర్చునేవారు.

"పొత్తుల గొర్లను ఎట్ల పంచుకుంటరమ్మా?"

"నాలుగు పాళ్లు జేసి మూడు మేం తీసుకుంటం, ఒకటి పొత్తుల ఉన్నాయినకిస్తం. గంతే సారూ!"

ఆ మాటలు నేను ఆయనతో పలికించేదాన్ని. ఆయన ఉర్దూ అక్షరాల్లో రాసుకునేవారు.

బడిలో మాత్రం నేను వేరే పిల్లను. నా దగ్గర ఉన్ని వాసన వస్తోందని తోటి పిల్లలు ముక్కు మూసుకున్న రోజు నుంచి ఇంటి మాట గడపలోనే వదిలేసి, పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడేదాన్ని. మా నాన్నది సేద్యమని చెప్పుకునేదాన్ని. సారు తరగతిలో "గొర్లు", "పాళ్లు" అన్నప్పుడల్లా అందరూ నవ్వేవారు. వాళ్లతో పాటు నేనూ నవ్వేదాన్ని. భిన్నాలు నాకు అర్థమైంది మాత్రం ఆ పాళ్లతోనే.

ఒకరోజు బడికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సారు నల్లబల్ల మీద మందను పాళ్లు వేస్తున్నారు.

"ఇదేం తెలుగండీ? లవం, హారం అనలేరా? ఎవరు నేర్పారు మీకు?"

సారు చూపు ఒక్క క్షణం నా మీద ఆగింది. నేను తల వంచుకుని పుస్తకం అంచు గీరుతూ కూర్చున్నాను.

"బజార్ల నేర్చుకున్న సాబ్. గలతీ, తప్పంత నాదే" అన్నారాయన.

మరుసటి నెలలో ఆయనను పాఠాల నుంచి తప్పించి వికారాబాద్‌లో ఆఫీసు పనికి వేశారు. "సారు వస్తలేడేందే?" అని నాయనమ్మ ఎన్ని ఆదివారాలు అడిగిందో. "ఏమో" అనేదాన్ని.

కొన్నేళ్ల తర్వాత టీచరు ట్రైనింగు దరఖాస్తు కోసం వికారాబాద్ వెళ్లినప్పుడు ఆయన కనిపించారు. ఫైళ్ల మధ్య చిక్కిపోయి ఉన్నారు.

"అమ్మ మంచిగున్నదా బిడ్డా?"

"నాయనమ్మ పోయినేడు చనిపోయింది సారూ."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నా ఉస్తాద్ ఆమె. ఈడ నాతోని ఆమె తెలుగు మాట్లాడేటోళ్లు లేరు. మరిచిపోతున్న."

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు నేను తల వంచుకున్న సంగతి చెప్పబోయాను. చెప్పలేక నా మార్కులు చెప్పాను. ఆయన ఎంతో సంతోషపడ్డారు. మరోసారి వెళ్లేసరికి ఆ కుర్చీలో ఇంకెవరో ఉన్నారు. ఆయన ఎక్కడికి వెళ్లారో చెప్పగలిగినవారు దొరకలేదు.

లెక్కల టీచరుగా నేను పనిచేసినన్నాళ్లూ భిన్నాల పాఠాన్ని, "మా నాయనమ్మ గొర్రెలు కాసేది. ఈ లెక్క ఆమె చెప్పిందే" అంటూ మొదలుపెట్టేదాన్ని. ఏ ఏడూ పిల్లలు నవ్వలేదు. ఆనాడు ఇన్‌స్పెక్టరు ముందు నేను చెప్పలేకపోయింది అంత చిన్న మాట.