కాగడా లేని బురుజు, బ్యాటరీల్లేని టార్చి

మా చిన్నప్పుడు మా పల్లెలో టార్చిలైటుకి కూడా వంతుండేది...

ఏరు సముద్రంలో కలిసే చోటే మా పడవలకి దారి. మొగ అంటాం. ఇసక మేట ఏ పక్కకి జరిగిందో చీకట్లో తెలీదు. అందుకే పొద్దుగూకేసరికి రోజుకొక ఇంటి ఆడమనిషి మేట చివర నిలబడి టార్చి చూపించాలి. ఆ వెలుగుకి కుడిపక్కగా వస్తే బతికినట్టు... ఎడమకి వస్తే పడవ బోల్తా.

ఆ ఆదివారం వంతు మా అమ్మది. వేటకి పోయిన మూడు పడవల్లో ఒకటి మా నాయనది.

అదే సాయంత్రం రేడియోలో నాటకం ఆఖరి భాగం! పెన్న ఒడ్డున ఎప్పుడో ఏలిన రాజుల కథ. ఇరవైమంది గొంతులు, గుర్రాల డెక్కలు, కత్తుల మోత... వారం వారం పల్లెంతా పోలయ్య మామ వసారాలో చేరి వినేవాళ్ళం. ఆ రోజు మామ చల్లగా చెప్పినాడు. "బ్యాటరీలు అయిపోయినాయి, పోండిరా."

నాకు ఒళ్ళు మండింది. పదేళ్ళవాణ్ణి... ఇంటికి పరిగెత్తి, మేకుకి తగిలించిన టార్చిలోంచి రెండు బ్యాటరీలూ పీక్కొచ్చినా. అరగంటే కదా, చీకటి పడేలోపు పెట్టేద్దామని. యాడివని మామ అడగలేదు, నేను చెప్పలేదు.

నాటకంలో వరద ఏట్లో సైనికుల పడవలు తిరిగొస్తన్నాయి. రేవు చూపించాల్సిన కోట బురుజు మీద కాగడా లేదు! కాపలావాడు దాన్ని తోలుబొమ్మల తెర వెనక పెట్టించి, ఆట చూస్తా కూర్చోనున్నాడు.

నా పక్కన కూర్చున్న చెంగమ్మవ్వ రేడియోనే తిట్టింది. "నీ కళ్ళు పేలిపోనూ! అవతల పడవలొస్తంటే నీకు ఆట కావాల్సొచ్చిందా దొంగసచ్చినోడా!"

అవ్వ తిట్టింది వాణ్ణే. తగిలింది నాకు... బయటికి చూస్తే మబ్బు కమ్మి అప్పుడే చీకటి. మొగ వైపు నుంచి అమ్మ కేక. "టార్చి వెలగడంలేదే! పడవలొచ్చేస్తన్నాయే!"

లేచి రేడియో వెనక మూత పీకి బ్యాటరీలు లాగినా. ఇరవై గొంతులూ ఒక్కసారిగా ఆగిపోయినాయి.

"ఏందిరా, నీకేమన్నా పిచ్చా?" మామ నా చొక్కా పట్టుకున్నాడు.

"ఇవి మా టార్చివి మామా!"

మామ చెయ్యి వదిలేసినాడు. అందరం పరుగు... ఇసకలో కాళ్ళు దిగబడతా.

తొందరలో అమ్మ ఒక బ్యాటరీ తిరగేసి పెట్టింది. వెలగలేదు. తీసి మళ్ళీ పెట్టింది. వెలిగింది! ముందొచ్చేది నాయన పడవే, అప్పటికే ఎడమకి తిరిగుంది. వెలుగు చూసి చుక్కాని తిప్పినాడు. పడవ అంచు మేటని గీరుకుంటా లోపలికొచ్చింది. వెనక రెండూ అదే దారిలో.

అమ్మ కొట్టలేదు. కొట్టినా బాగుండేది. నాయన అంతా విని ఒకటే అడిగినాడు. "ఇంతకీ ఆ కోటలో కాగడా వెలిగిందంట్రా?"

"తెలీదు నాయనా..."

పెద్దయ్యి, సర్కారుని నిలదీసే కరపత్రం చేతికొచ్చిందల్లా చదివినాక నాకింకో కోపం మొదలైంది. తప్పు చేసినాడు సరే, తిట్లన్నీ కాపలావాడికేనా? అంత కోటకి ఒకే ఒక్క కాగడా ఇచ్చిన రాజుని ఎవరూ ఏమీ అనరేం? మా మొగ దగ్గర ఇప్పటికీ ఒక్క దీపస్తంభం లేదు!

ఇప్పుడు ఫోన్లో అట్టాంటి నాటకాలు బోలెడు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే గుర్రం చెవి పక్కనే సకిలిస్తది. కానీ కాపలావాణ్ణి తిట్టడానికి పక్కన అవ్వ లేదు...

ఆ ఆఖరి భాగం మీలో ఎవరన్నా విన్నారా? వినుంటే చెప్పండి. వేటకి పోయేముందు టార్చి ఒకసారి నొక్కి చూసుకుని, నా మొహం చూసి, నాయన ఇప్పటికీ అదే అడగతా ఉంటాడు.