బాణామతి సినిమా వేసిన శనివారం

పెద్దపల్లి దగ్గరి ఒక ఊరి బడిలో నేను సోషల్ టీచర్ని. ఆ ఏడు మా బడి వంటామె మీద ఒక మాట పుట్టింది. ఆమెకు బాణామతి, అంటే చేతబడి, వచ్చట, ఆమె చేతి అన్నం తింటే మనిషి ఎండిపోతాడట. ఒక్కొక్కరే పిల్లలు ఇంటి నుంచి టిఫిన్ డబ్బాలు తేవడం మొదలుపెట్టారు. ఇట్లే సాగితే ఆమెను తీసేయాల్సి వస్తుందని హెడ్మాస్టరు చెప్పారు. నాకు ఒళ్లు మండింది.

నేను పాఠం చెబితే వింటారా వీళ్లు? సినిమా అయితే కళ్లప్పగించి చూస్తారు. అందుకే ఒక శనివారం పొద్దున కిటికీలు మూసి, తొమ్మిదో తరగతికి గోడ మీద సినిమా వేశాను. అందులో ఊరంతా ఒక ఒంటరి ముసలామె మీద బాణామతి నెపం వేసి ఆమె ఇంటి మీదికి వస్తుంది. తలుపు పగలబోయే చోట ఆపాను.

"గా గుంపుల మీరుంటె ఏం జేస్తరు?"

"అడ్డం పోతం టీచర్!" చేతులన్నీ లేచాయి. మురిసిపోయాను. అంతలోనే ఒక్కొక్క చేయీ దిగిపోయింది. వెనక్కి తిరిగితే గడపలో వంటామె నిలబడి ఉంది, ఎంతసేపటి నుంచో.

"గామె బతుకుతదా టీచరమ్మా?" అని అడిగింది. నేను సినిమా కట్టేసి కిటికీలు తెరిచాను.

మధ్యాహ్నం మళ్లీ డబ్బాలే తెరిచారు. ఇందాక లేపిన చేతులేమయ్యాయని గద్దించాను.

"గది సిన్మా గదా టీచర్," అంది ముందు బెంచీ అమ్మాయి. "మా అవ్వ తినద్దన్నది."

నేనే పళ్లెం తీసుకుని కూర్చున్నాను. ఆమె వంగి వడ్డించింది. నిజం చెప్పొద్దూ, మొదటి ముద్ద వాసన చూసి నోట్లో పెట్టుకున్నాను. తలెత్తి చూస్తే పిల్లలంతా తినడం ఆపేసి నా నోటినే చూస్తున్నారు. ఒక్కరూ కదలడం లేదు. నాకేమవుతుందో చూద్దామని కూర్చున్నారు. ఎట్లాగో పళ్లెం ఖాళీ చేశాను.

ఆదివారం జ్వరం వచ్చింది. శనివారం సాయంత్రం బస్సు కోసం వానలో తడిసినందుకే అన్నాడు డాక్టరు. సోమవారం హెడ్మాస్టరు ఫోన్ చేశారు.

"మేడం, జర గోలి ఏసుకోని ఒక్క గంట కనవడిపోండ్రి. మీకు జరమొచ్చిందని ఊరంత పాకింది. మీరు రాకుంటె ఆమెను ఉంచుడు నాతోని కాదు."

పోగలిగేదాన్నే. అంత పెద్ద జ్వరమేమీ కాదు. కానీ కళ్లు మూస్తే పళ్లెం మీదికి వంగుతున్న ఆమె చేయే కనిపించేది. డిగ్రీల మీద డిగ్రీలు చదివిన దాన్ని, సిగ్గులేకుండా భయపడ్డాను. మా అవ్వ దిష్టి తీసి నల్లదారం తెస్తే చేయి చాపాను. బడికి పోలేదు.

గురువారం పోయేసరికి వంటగదిలో వేరే ఆమె ఉంది. పాత ఆమె ఇంటికి తాళం వేసి ఎటో వెళ్లిపోయిందట. పిల్లలు డబ్బాలు మానేసి, బారుగా కూర్చుని కబుర్లాడుకుంటూ తింటున్నారు.

క్లాసులో హాజరు వేస్తుంటే ముందు బెంచీ అమ్మాయి నా మణికట్టు చూసింది.

"మీరు గూడ కట్టుకున్నరా టీచర్? మంచిగ జేసిండ్రు," అంది, నా మీద ప్రేమతోనే.