పీరమ్మ మోసిన కళ్లె డబ్బీలు

పత్తికొండ ఆసుపత్రిలో ఆయాగా పనిచేసిన పీరమ్మ బెండకాయ తినేది కాదు. బచ్చలికూర వడ్డిస్తే కంచం ముందు నుంచి లేచేది. క్షయ అనుమానం ఉన్నవాళ్ల కళ్లెను రేకు డబ్బీల్లో పట్టి, బస్సులో కర్నూలుకు చేర్చడం ఆమె పని. పరీక్ష చేసేది అక్కడే. ఏళ్లు గడిచినా ఆ జిగట మీది రోత ఆమెను వదల్లేదు. రోత గనుకనే ఏ డబ్బీ మూతనూ వదులుగా ఉండనిచ్చేది కాదు.

1956 ఎండాకాలం. హులిగెమ్మ అనే బాలింత నెలల తరబడి దగ్గుతోంది. రెండుసార్లు డబ్బీ పంపినా కళ్లెలో క్షయ పురుగులు లేవనే కబురు వచ్చింది.

"రోగమూ లేదు, ఏమీ లేదు. పని ఎగ్గొట్టే దగ్గు," అనేది అత్త గంగక్క. బిడ్డ మాత్రం అలా దగ్గుతున్న తల్లి రొమ్ముకే అంటుకుని పాలు తాగుతున్నాడు.

మూడోసారి ఆసుపత్రికి వచ్చి హులిగెమ్మ ఉమ్మి ఇచ్చిన డబ్బీలోకి చూసింది పీరమ్మ. నీళ్లలాంటి ఉమ్మి. లవంగం వాసన.

"ఇదేందమ్మే? నోరు కడిగి, లవంగం నమిలి ఉమ్మినావా?"

"కంపు కొడ్తాదని, అక్కా..."

"ఆ కంపుదే కావల్ల మాకు!"

హులిగెమ్మ గొంతు తగ్గించింది. "అత్త ముందర కాండ్రించి ఉమ్మేదెట్ల? మింగుతాండా."

 తోడు వచ్చిన గంగక్కకు బిడ్డనిచ్చి నీడకు పంపి, పీరమ్మ కోడలిని గోడ వెనక్కి లాక్కుపోయింది.

"ఇప్పుడు మింగినావంటే చూడు!" అంటూ వీపు చరిచింది.

పచ్చగా, చిక్కగా, నెత్తుటి చారతో పైకొచ్చింది. సగం డబ్బీలో, సగం పీరమ్మ మణికట్టు మీద. తీగలా సాగింది. పీరమ్మ మొహం తిప్పుకుని డోకింది. డబ్బీ మాత్రం ఒరగలేదు. మూత బిగించి, ఫినాయిలు గుడ్డతో, లోపలికి చుక్క పోకుండా పైపైన తుడిచి, రంపపు పొట్టు పోసిన చెక్కపెట్టెలో నిలబెట్టింది.

బస్సులో కండక్టరు పుల్లయ్య అడ్డం వచ్చాడు. "పెట్టె టాపు మీద ఎయ్యమ్మా."

"ఎండకు మూత లేస్తే నీ నెత్తినే కారుతాదప్పా. ఈడనే ఉండనీ."

పుల్లయ్య ముక్కు మూసుకుని దూరం జరిగాడు.

ఈసారి పురుగులు కనిపించాయి. సూదులు మొదలుపెట్టాలి, బిడ్డను దూరంగా ఉంచాలి అన్నాడు డాక్టరు. కోడలు అత్త ముందు ఉమ్మలేక కళ్లె మింగిందని పీరమ్మ చెప్పగానే, గంగక్క మనవడిని గుండెకు హత్తుకుని కోడలి వైపు తిరిగింది.

"నాకు మర్యాద చేసి నా మనవడికి రోగం పెడ్తాంటివా?"

మరునాడు ఆసుపత్రికి సూది కోసం వచ్చినప్పుడు గంగక్క బూడిద పోసిన టెంకాయ చిప్ప తెచ్చి, కోడలి ముందు పెట్టింది.

"దీంట్లో ఉమ్ము. నా ముందరే ఉమ్ము."

కోడలు కాండ్రిస్తుంటే గంగక్క మొహం వికారంగా ముడుచుకుంది. అయినా కదల్లేదు. పక్కనున్న పీరమ్మే బయటికి పరుగెత్తింది.